తెలుఁగు బైబిలు వాక్యముల యర్థనిర్ణయము

పదమునకు వ్యాకరణమును, ప్రమాణమునకు న్యాయమును, వాక్యమునకు మీమాంసయు శాస్త్రములని పెద్దలు విభజించి చెప్పిరి. ఈ మూఁడింటి సాయమున వేదవాక్యములకే గాక స్మృతులకును, కావ్యములకును, తుదకు దానశాసనములకును మనవా రర్థము నిర్ణయించుచు వచ్చిరి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వేలకొలఁది యిండ్లయందు దినదినమును జదువఁబడు తెలుఁగు గ్రంథము మఱియొకటి కలదు. అది బైబిలు. దానిని నమ్మువారు భక్తితోఁ జదువుచున్నారు. నమ్మనివారు చదువకయే విడిచిపెట్టుచున్నారు. వాక్యమును వాక్యముగాఁ జూచి, దాని యర్థ మేమి యని శాస్త్రదృష్టితో విచారించువారు రెండు తెగలలోను దక్కువగానే యున్నారు.

నేను పాణినీయము చదివి, ముప్పది సంవత్సరములకుఁ బైఁగా సంస్కృతము చెప్పుకొనుచున్నవాఁడను, క్రైస్తవుఁడను గాను. నే నెఱిఁగిన తెలుఁగు పండితులలోఁ గొందఱు వారమంతయుఁ బాఠశాలలో భారతపద్యములకుఁ దాత్పర్యము చెప్పి, యాదివారమునాఁడు తమ గ్రామపు చర్చిలో వాక్యము చెప్పుదురు. పద్యమునకుఁ బ్రతిపదార్థమును, అన్వయమును జెప్పనిదే భావమునకుఁ బోనివారే, యచ్చట మాత్రము వాక్యమును జదివిన తోడనే ‘దీనివలన మనము నేర్చుకొనవలసిన దేమనఁగా’ నని మొదలుపెట్టుదురు. నడుమ నుండవలసిన యన్వయ మేమయ్యె నని నేను వారి నడుగుచుందును. ఆ సంభాషణములలోఁ దేలిన విషయములనే యిచ్చట వ్రాయుచున్నాను.

పాశ్చాత్యులలో నీ విషయమున నొక సంప్రదాయ మున్నది. అమెరికాలో విల్బర్ట్ వైట్ అనువాఁడు 1900లో బైబిలు బోధకుల కళాశాల నొకదానిని స్థాపించి, గ్రంథమునుగూర్చి యితరులు వ్రాసినదానికంటె ముందు గ్రంథమునే చదువవలయు నను పద్ధతిని నేర్పెను. ఆ తెగకుఁ జెందిన రాబర్ట్ ట్రైనా 1952లో దానిని బుస్తకరూపమునఁ బెట్టెను. మొదట నున్నదానిని జూచుట, పిమ్మట నర్థము నిర్ణయించుట, దాని విలువను దూఁచి వినియోగించుట, తుద కితర భాగములతో సమన్వయించుట యని వారి క్రమము. మీమాంస చదివినవానికి వీనిలోఁ గ్రొత్త యేమియుఁ గానరాదు. అయినను గ్రొత్త గాదని చెప్పుకొనుట వేఱు, ఆ పని చేయుట వేఱు.

తెలుఁగు చదువరికి మాత్ర మిందొక చిక్కు గలదు. అతఁడు చూచునది మూలము గాదు, అనువాదము. పూర్వనిబంధనము హెబ్రీభాషలోను, కొంతభాగ మరామిక్కులోను నున్నది. క్రొత్తనిబంధనము గ్రీకున నున్నది. లండను మిషనువారైన క్రాన్, డెగ్రాంజ్ అనువారు 1805లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయ రను బ్రాహ్మణుని తోడ్పాటున సువార్తలను దెనిఁగింపఁ బూనిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. వారి మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చయ్యెను. క్రొత్తనిబంధనము 1818లోను, సంపూర్ణగ్రంథము 1854లోను వెలువడినవి. చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది 1853లో. అనఁగాఁ దెలుఁగు వచన మొక కట్టుబాటునకు రాకమునుపే యీ యనువాదకులు వచనము వ్రాయవలసి వచ్చెను. 1842లో హాయరు పాదరి గుంటూరు చేరునాఁటికి సంపూర్ణమైన తెలుఁగు బైబిలు అచ్చులో లేదు. తరువాతఁ దెనాలి, రేపల్లె సీమలలో లూథరను మిషనువారును, బాపట్లలో బాప్టిస్టులును పాఠశాలలు పెట్టి, యీ గ్రంథమునే యక్షరాభ్యాసముతోఁగూడఁ బల్లెలకుఁ జేర్చిరి. ఈ సీమలో ననేక కుటుంబములకుఁ జదువు వచ్చినత్రోవ యిదియే.

ఇఁక వాక్యముల మాట. బైబిలు వాక్యములకు నేఁ డున్న సంఖ్యలు గ్రంథకర్తలు వేసినవి గావు. అధ్యాయవిభాగము పదుమూఁడవ శతాబ్దినాఁటిది. క్రొత్తనిబంధనమునకు వాక్యసంఖ్యలను 1551లో రాబర్ట్ ఎత్యేన్ అను పారిసు ముద్రాపకుఁడు వేసెను. వెదకుటకు సౌకర్యముగా నుండుటకై వేసిన యంకె నేఁడు అర్థమునకే హద్దుగా నిలిచినది. ఒక వాక్యమును విడఁదీసి కేలండరుపై నచ్చు వేయుదురు. ఇంటి గోడపైఁ జెక్కుదురు. ఆటోల వెనుక వ్రాయింతురు. డిసెంబరు 31 రాత్రి చర్చిలో వాగ్దానపు చీట్లు పంచఁగా, ఒక్కొక్కఁడు దనకు వచ్చిన వాక్యమును ఆ సంవత్సరమున కంతకుఁ దనదిగా నెంచుకొనును.

వ్యాకరణము చదివినవాని కీ ప్రమాద మెట్టిదో చెప్పనక్కఱలేదు. గుణసంధిని విధించు పాణినిసూత్రమున ‘అచ్చు పరమగునపుడు’ అను మాట లేదు. అది ముందున్న యణ్సంధి సూత్రమునుండి యనువర్తించును. ఆ సూత్రము నొక్కదానినే పలకపై వ్రాసి బాలునకుఁ జూపిన, వాఁ డేమి వచ్చినను గుణము చేయును. రోమీయులకు వ్రాసిన పత్రికలోఁ బండ్రెండవ యధ్యాయము ‘కాఁబట్టి’ యను నర్థముగల పదముతో మొదలగుచున్నది. దేనిఁబట్టి? వెనుకటి పదునొకం డధ్యాయముల వాదముఁబట్టి. ఆ పదమును బలుకుచునే దానిని దాఁటిపోవు చదువరి యనువృత్తిని బోఁగొట్టుకొన్నవాఁడే.

చూచుట యనఁగాఁ గంటి కగపడినదానిని గుర్తించుట. ఇది సులభ మనిపించును గాని కాదు. లూకా సువార్త పదునైదవ యధ్యాయములోని యిరువురు కుమారుల కథను దీసికొందము. క్రైస్తవులు కానివారును దాని నెఱుఁగుదురు. ‘తప్పిపోయిన కుమారుఁడు’ అని దానికిఁ బేరు. ఆ పేరు కథలో లేదు, తరువాతివారు పెట్టినది. మీమాంసకులు తాత్పర్యనిర్ణయమునకుఁ జెప్పిన యాఱు లింగములలో నుపక్రమోపసంహారములును, అభ్యాసమును నను రెంటిని మాత్రము దీసికొని యీ యధ్యాయమునకుఁ బెట్టి చూడుఁడు. ఉపక్రమమున నేమున్నది? యేసు పాపులను జేర్చుకొని వారితో భుజించుచున్నాఁడని పరిసయ్యులు సణుగుకొనిరి. ఉపసంహారమున నేమున్నది? తమ్ముఁడు వచ్చినందుకు విందు జరుగుచుండఁగా నన్న కోపించి లోనికిఁ బోక వెలుపల నిలిచియుండెను. నడుమ అభ్యాస మేది? గొఱ్ఱె పోయి దొరకెను, నాణెము పోయి దొరకెను, కొడుకు పోయి దొరకెను. మూఁడుచోట్లను సంతోషము చెప్పఁబడినది. ఇట్లు చూడఁగా, కథ తమ్మునికొఱ కెంతయో యన్నకొఱ కంతకంటె నెక్కువగాఁ జెప్పఁబడిన దనుట స్పష్టము. విందు చూచి సణిగినవారి కది యద్దము. అన్న లోనికిఁ బోయెనో లేదో కథకుఁడు చెప్పలేదు. చెప్పకపోవుటయుఁ జూడవలసిన విషయమే.

ఆ కథలోనే మఱియొక సూక్ష్మము. దాసుఁడు పెద్దవానితో వచ్చినవానిని ‘నీ తమ్ముఁ’ డని పేర్కొనును. పెద్దవాఁడు తండ్రితో మాటలాడునప్పుడు ‘తమ్ముఁడు’ అనఁడు. ‘నీ కుమారుఁడు’ అనును. తండ్రి బదులు చెప్పుచు మరల ‘నీ తమ్ముఁడు’ అనియే యనును. సంబంధవాచకము మూఁడుమాఱులు చేతులు మాఱినది. ఇది గ్రీకుమూలమునను నున్నది. మూలమున నన్నకును దమ్మునికిని పద మొక్కటే. తెలుఁగున నట్టి పదము వాడుకలో లేదు. ఇచ్చట పెద్దవాఁ డెవఁడో కథయే చెప్పుచున్నది కనుక ననువాదకుఁడు ‘తమ్ముఁడు’ అని నిర్భయముగా వ్రాసెను. అట్లు తెలియనిచోట సంస్కృతమునుండి ‘సహోదరుఁడు’ అను పదమును దెచ్చుకొని తప్పుకొనును. ఇంటిలో నెవ్వఁడును తన యన్నను సహోదరా యని పిలువఁడు. అయినను బైబిలులో నా పదము నిండియుండుటకుఁ గారణ మిదియే.

దేశమును జూచుటయు నీ మెట్టులోనిదే. విత్తువాని యుపమానమున విత్తనము రాతినేలపైఁ బడి, మన్ను లోఁతు లేనందున మొలిచి యెండిపోవును. రేపల్లె యొండ్రునేలలో బెడ్డ దొరకుట కష్టము. అచ్చటి బాలునకు నిది యూహకు రాదు. మాచర్ల, వినుకొండ వైపు బాలునకుఁ గంటికిఁ గట్టినట్లుండును. మఱియొకచోట, కళ్లమును శుభ్రము చేయువాని చేతిలోని పనిముట్టును దెలుఁగున ‘చేట’ యనిరి. మూలమునఁ జెప్పినది ధాన్యమును గాలి కెగురఁజిమ్ము కొయ్యపాఱ వంటిది. చేట యనఁగానే యింటిముంగిటఁ గూర్చుండి బియ్యము చెఱుగు స్త్రీ మనస్సునకు వచ్చును. అది గాదు, కళ్లములో గాలివాలునఁ దూర్పారఁబట్టుట. వరికోఁత యంత్రములు వచ్చినపిమ్మటఁ గళ్లము నెఱుఁగని బాలుర కుపాధ్యాయుఁ డీ భేదము చెప్పియే తీఱవలెను.

అర్థనిర్ణయమున మొదటి మాట ‘సర్వ’ శబ్దము. పెండ్లిలో ‘అందఱు భోజనము చేసిరి’ యన్నచో లోకములోనివా రందఱని యెవ్వఁడు ననుకొనఁడు. పిలువఁబడినవా రందఱని యర్థము. సర్వశబ్దము ప్రకరణముచే సంకోచించు నను న్యాయము మీమాంసకులకు సుపరిచితము. ఫిలిప్పీయుల పత్రిక నాల్గవ యధ్యాయము పదుమూఁడవ వాక్యమునఁ బౌలు తనను బలపఱచువానియందు సమస్తమును జేయఁగల నను నర్థమున వ్రాసెను. పరీక్షకుఁ బోవు విద్యార్థియు, వ్యాపారము మొదలిడువాఁడును దీనిని దమకు వ్రాసియిచ్చిన పూచీగాఁ జదువుదురు. పై రెండు వాక్యములను జూడుఁడు. కడుపు నిండుటయు, ఆఁకలిగొనుటయు, సమృద్ధియు, లేమియు నను స్థితులన్నింటిలోఁ దృప్తిగా నుండ నేర్చితి నని యతఁడు చెప్పుచున్నాఁడు. చెఱలో నుండి వ్రాసిన పత్రిక యిది. కాఁబట్టి ‘సమస్తము’ అనఁగా నాయా స్థితులన్నింటిని సహించుట. తలఁచినదెల్ల సాధించుట గాదు. ఓడినవానికి నీ వాక్య మక్కఱకు వచ్చును. గెలువఁగోరువానికే యని చదివినచో నోడిననాఁడు వాక్యమే యబద్ధ మైనట్లు వానికిఁ దోఁచును.

సందేహము వచ్చినచోట వాక్యశేషముచే నిర్ణయింపవలయునని జైమిని. యజ్ఞమున ‘పూసిన గులకరాళ్లను బేర్పవలయు’ ననఁగా దేనితోఁ బూసినవి? నూనెయా, నేయియా? విధివాక్యము చెప్పదు. ఆవెంటనే నేతిని స్తుతించు మాట వచ్చును, కావున నేయి. ఇట్టి వాక్యశేషము దగ్గఱనే యుండక, యొకప్పుడు వేఱొక గ్రంథభాగమున నుండును. దానికిఁ దార్కాణముగా నే నెఱిఁగిన యొక వృత్తాంతము చెప్పెదను.

రేపల్లె దాపున నొక పల్లెలో భర్త పోయిన యొక స్త్రీకి నొక్కఁడే కొడుకు. వాఁడు డిగ్రీ చదువు ముగియఁగానే దేవునిపనికిఁ బోయెదనని, యిఁక నింటితో సంబంధము లేదని, తల్లి పంపిన మనుష్యునితో మాటలాడుటయు మానెను. అడిగినవారికి లూకా పదునాల్గవ యధ్యాయము ఇరువదియాఱవ వాక్యమును జూపెను. తండ్రిని, తల్లిని ద్వేషింపనివాఁడు శిష్యుఁడు గానేరఁడని యందున్నది. ఆ తల్లి చదువురానిది. గ్రంథములోనే యట్లున్నచో నేను జేయఁగలిగిన దేమి యని యామె యాయూరి తెలుఁగు పండితునితో ననెను. ఆయన నన్నడిగెను.

పండితున కిట్టిచోట స్మరణకు రావలసినది నహినిందాన్యాయము. నింద నింద్యమును నిందించుటకై ప్రవర్తింపదు, విధేయమును స్తుతించుటకే ప్రవర్తించునని దాని భావము. ఒకదానిని దిట్టుట మఱియొకదాని గొప్పతనము చెప్పుటకు. అయితే న్యాయము మనదై, వాక్యము వారిదైనప్పుడు, అన్వయించు నని యూరక చెప్పిన జాలదు. వారి గ్రంథమునుండియే నిదర్శనము చూపవలెను. నిదర్శనము లున్నవి. ఆదికాండము ఇరువదితొమ్మిదవ యధ్యాయమున యాకోబు లేయాకంటె రాహేలు నెక్కువగాఁ బ్రేమించె నని యొక వాక్యము; దాని వెంటనే లేయా ద్వేషింపఁబడె నని హెబ్రీమూలమున మఱియొక వాక్యము. అనఁగా నా భాషలో నిరువురిలో నొకరిని దక్కువగాఁ బ్రేమించుటకే ‘ద్వేషము’ అను పదము వాడఁబడును. మత్తయి పదియవ యధ్యాయము ముప్పదియేడవ వాక్యమున నిదే బోధ ద్వేషపదము లేక, తల్లిదండ్రులను నాకంటె నెక్కువగాఁ బ్రేమించుట తగదను రూపమున వచ్చినది. అది చాలదన్నచో మార్కు ఏడవ యధ్యాయమును జూడుఁడు. తల్లిదండ్రులకుఁ జెందవలసినదానిని దేవార్పితమని చెప్పి యెగవేయువారిని యేసు గట్టిగా మందలించెను. దేవునిపేరఁ దల్లిని విడుచుటయే యచ్చట నింద్యము. ఒకే వక్త యిట్లు చెప్పియుండఁగా, లూకావాక్యమునకు ముఖ్యార్థము గ్రహించినచో వ్యాఘాతదోషము వచ్చును, లక్షణ తప్పదు.

ఆ పండితుఁ డీ మూఁడుచోట్లను గాగితముపై వ్రాసికొనిపోయి, కుఱ్ఱవానిచేతనే బైబిలు తెఱపించి చదివించెను. తాను వ్యాఖ్యానము చెప్పలేదఁట. వాఁడు తన చదువునకుఁ బోయెను; ఇప్పుడు పండుగలకు నింటికి వచ్చుచున్నాఁడని విన్నాను. తల్లికి నెల నెల డబ్బు పంపుచున్నాఁడో లేదో నేనడుగలేదు.

వినియోగమునకు వత్తము. ఇచ్చట మనవారు నిర్దోషు లని చెప్పఁజాలను. జలదేవతలనుగూర్చిన ‘శంనోదేవీ’ మంత్రము శబ్దసామ్యముచేతనే శనిగ్రహమునకు వినియోగింపఁబడుచున్న దనుట లోకవిదితము. మంత్రముల కర్థమే లేదని కౌత్సుఁ డనఁగా యాస్కుఁడు ఖండింపవలసి వచ్చెను. అర్థముతోఁ బనిలేక పలుకును మాత్రమే తాయెత్తుగాఁ గట్టుకొను కోరిక యొక మతమువారిది గాదు. వాగ్దానపుచీటిని దీసికొని పర్సులో దాఁచుకొనువానిని జూచి నవ్వుట కంటె ముందు మన జపమాలలను జూచుకొనవలెను.

యిర్మియా యిరువదితొమ్మిదవ యధ్యాయము పదునొకండవ వాక్య మట్టి చీట్లకుఁ బేరుపడ్డది. దేవుఁడు మీకు సమాధానకరమైన యుద్దేశములే కలిగియున్నాఁ డని దాని సారము. అది యొక జాబులోని వాక్యము. నెబుకద్నెజరు చెఱగొనిపోయిన యూదులకు బబులోనునకుఁ బంపిన జాబు. వెనుకటి యధ్యాయమున హనన్యా యను ప్రవక్త రెండేండ్లలోఁ జెఱ తీఱునని చెప్పి జనులను సంతోషపెట్టెను. యిర్మియా యట్లు గాదు. డెబ్బదియేండ్లు పట్టునని చెప్పెను. ఇండ్లు కట్టుకొనుఁడు, తోఁటలు నాటుఁడు, పెండ్లిండ్లు చేసికొనుఁడు, మీరున్న పట్టణపు క్షేమమును గోరుఁడని యుపదేశించెను. డెబ్బదియేండ్లనఁగా నా జాబు విన్న పెద్దలలో మిక్కిలి కొందఱు తప్ప తక్కినవా రక్కడనే మరణింతురు. ఆశ యున్నది గాని యది మనుమలకు. చీటిపైఁ బదునొకండవ వాక్యము మాత్రమే యచ్చైనది. పదియవదానిలోని డెబ్బదియేండ్లు కత్తిరింపులోఁ బోయినవి. హనన్యా చెప్పినదానినే యిర్మియానోటఁ బలికించినట్లయ్యెను.

అట్లని యా వాక్యము నేఁటివానికిఁ బనికిరాదందునా? పనికివచ్చును, అధికారి నిర్ణయము చేసినపిమ్మట. ప్రతి విధికి నధికారి యెవఁడని మీమాంసకుఁ డడుగును. దీర్ఘకాలము తీఱని కష్టములో నున్నవాఁ డా జాబునకు నిజమైన యధికారి. ఈ సంవత్సరమే యిల్లు కట్టుదు నని యాశించువాఁడు గాఁడు.

తిమోతికిఁ బౌలు వ్రాసిన మొదటి పత్రిక యైదవ యధ్యాయమున, నీ కడుపు నొప్పులకుఁ గొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మను మాట యున్నది. ఇది యొక్కని కిచ్చిన సలహా. తాగుబోతు దీనిని విధిగాఁ జూపుట నేను విన్నాను, అది హాస్యము. కాని దీనిలో విధి లేకపోయినను లింగ మున్నది. ప్రార్థనచే స్వస్థతను బోధించినవారే రోగమునకు నౌషధరూపమైన పదార్థమును సేవింపుమని చెప్పి రనఁగా, మందు పుచ్చుకొనుట యవిశ్వాసము గాదని తేలుచున్నది. మధుమేహమునకు సూదిమందు మాని ప్రార్థనయే చాలునని కూర్చున్నవారికి నీ వాక్యమును జూపవచ్చును. విధి గానిదానిని విధి చేయుట యెంత దోషమో, విధి గాదని దానినుండి యేమియు గ్రహింపకుండుటయు నంత దోషము. న్యాయాధిపతుల గ్రంథమున గిద్యోను గొఱ్ఱెబొచ్చు నేలఁ బఱచి దేవుని గుఱుతు అడిగినకథ యిట్టిదే: వృత్తాంతము చెప్పఁబడినది, అట్లు చేయుమని చెప్పఁబడలేదు.

ఇచ్చట మీమాంసకులు నాపై నొక యాక్షేపము చేయవచ్చును. వేద మపౌరుషేయము, అందు వక్తృతాత్పర్య మనునది లేదు. బైబిలు పత్రికలకుఁ గర్తలు గలరు, శ్రోతలు గలరు, ఊళ్లు గలవు. కావున న్యాయములను యథాతథముగాఁ దెచ్చి పెట్టఁదగునా యని. ఆక్షేపము సరియైనదే. పత్రికలవిషయమున నైయాయికుని మతమే గ్రాహ్యము: తాత్పర్య మనఁగా వక్తయొక్క యిచ్ఛ. ఎవఁడు, ఎవనికి, ఎందుకు వ్రాసెనని యడుగవలెను. కీర్తనల యందు మాత్రము మఱియొక రీతి. హెబ్రీకవిత్వమునఁ బాదము రెండుగా విఱిగి, రెండవ భాగము మొదటిదానినే మాటలు మార్చి చెప్పునని రాబర్ట్ లౌత్ 1753లోఁ బ్రకటించిన లాటిన్ యుపన్యాసములలో నిరూపించెను. నూటపందొమ్మిదవ కీర్తనలోఁ బాదములకు దీపమును, త్రోవకు వెలుఁగును వేఱువేఱు వస్తువులని రెండు ప్రసంగములు చేయువారు పునరుక్తిని దోషముగా భావించి యర్థభేదము కల్పించుచున్నారు. మన ప్రాస యనువాదమునఁ బోవును. వారి యీ జంట యనువాదమునను నిలుచును. అది వారి యదృష్టము.

తెలుఁగుభాష యీ గ్రంథమునకుఁ జేసిన యుపకార మొకటియు, పెట్టిన చిక్కొకటియుఁ జెప్పవలసియున్నది. ఉపకారము: నేఁటి యింగ్లీషులో మధ్యమపురుష కేకవచన బహువచనములకుఁ బద మొక్కటే; గ్రీకునకును దెలుఁగునకును రెండు. లూకా యిరువదిరెండవ యధ్యాయమున యేసు సీమోనును బిలిచి, సాతాను ‘మిమ్మును’ గోధుమలవలె జల్లింపఁగోరె ననియు, ‘నీ’ కొఱకు వేఁడుకొంటిననియుఁ జెప్పెను. ఆపద పండ్రెండుగురిది, ప్రార్థన యొక్కనికొఱకు. తరువాత నా యొక్కఁడు తక్కినవారిని స్థిరపఱుపవలెను. ఇంగ్లీషు చదువరి కిది యడుగున వ్రాసి చెప్పినఁ గాని తెలియదు; తెలుఁగు చదువరి కన్ను తెఱచినఁ జాలును. కాని యిప్పటి బాలురు ‘మీరు’ అనఁగానే గౌరవార్థ మనుకొందురు. ఈ గ్రంథమున నది బహువచనమే యని మొదటనే చెప్పవలెను.

చిక్కు: ‘మనము’, ‘మేము’. గ్రీకున నీ భేదము లేదు. తెలుఁగున నుత్తమపురుష బహువచన మెత్తిన ప్రతిచోటను శ్రోతను గలుపుకొంటిమా లేదా యని చెప్పక తప్పదు. క్రియాంతమున మాత్రము రెంటికిని ‘ము’ యే కాన, కర్తృపదమును విడిచినచోఁ దప్పించుకొనవచ్చును. తుపానులో దోనె మునుఁగుచుండఁగా శిష్యులు నిద్రించుచున్న గురువును లేపి, నశించుచున్నా మని యఱచిరి. గురువును గలుపుకొని యనిరా, తమనుగూర్చియే యనిరా? మత్తయి, మార్కు, లూకా పాఠములను దెలుఁగున నొకచోఁ బెట్టి కర్తృపద మెచ్చట నున్నదో, యెచ్చట లేదో విద్యార్థులచేఁ జూపింపుఁడు. వ్యాకరణపాఠమున కింతకంటె మంచి యభ్యాసము నేనెఱుఁగను.

అంతకంటె గంభీరమైనది కొరింథీయుల రెండవ పత్రిక యైదవ యధ్యాయము పదునెనిమిదవ వాక్యము. దేవుఁడు క్రీస్తుమూలముగాఁ దనతో సమాధానపఱచుకొన్నది ‘మనల’ నని, ఆ సమాధానపు పరిచర్య నిచ్చినది ‘మాకు’ అని నేఁడు విరివిగాఁ జదువఁబడు తెలుఁగు ప్రతిలో నున్నది. గ్రీకున రెండుచోట్లను సర్వనామ మొక్కటే. విభక్తి మాత్రము భేదము. ఒకే వాక్యములో నొకే పదమును ననువాదకుఁ డొకచోట శ్రోతను గలిపియు, నొకచోట విడిచియుఁ దెనిఁగించెను. ఫలిత మేమి? సమాధాన మందఱిది, దానిని జాటించు పని పౌలుది, అతని తోడివారిది. దానిని ‘మనకు’ అని తెనిఁగించియుండినచోఁ బల్లెలోఁ జివరిబల్లపైఁ గూర్చున్న కూలివానిదియు నా పని యగును. పాదరి కున్న యధికారమును, సామాన్యున కున్న యధికారమును నీ యొక్క విభక్తిరూపముపై నిలిచియున్నవి. చదువరి మాత్రము తన యెదుట నొక నిర్ణయ మున్న దని యెఱుఁగఁడు. పౌలే యట్లు వ్రాసె ననుకొనును.

అనువాదకుఁడు తప్పుచేసెనా? తప్పని యనఁజాలను. వాక్యశేష మతని పక్షముననే కొంత యున్నది. ఇరువదియవ వాక్యమున ‘మేము రాయబారులము, మిమ్మును బతిమాలుకొనుచున్నాము’ అను నర్థ మున్నందున వక్తలును శ్రోతలును వేఱని స్పష్టము. అచ్చట ‘మనము’ అనుట యసాధ్యము. ఆ ‘మేము’ నుండి వెనుకకు నడచి ‘మాకు’ అని నిర్ణయించి యుండును. కాని పదునేడవ వాక్యమున క్రీస్తునందున్న వాఁ డెవఁడైనను నూతనసృష్టి యని సామాన్యముగాఁ జెప్పఁబడినది. అటనుండి ముందుకు నడచినచో ‘మనకు’ అనుటకు నవకాశ మున్నది. సన్నిధి రెండువైపుల లాగుచున్నది. నా మటుకు, ఇరువదియవ వాక్యములోని ‘మిమ్మును’ అను ప్రత్యక్షలింగమే బలవత్తర మని తోఁచి, యనువాదకునితో నేకీభవించుచున్నాను. గ్రీకు నెఱిఁగిన మన సభ్యు లెవరైన నిందుకు భిన్నమైన హేతువు చూపఁగలిగిన, నీ పత్రిక ముందు సంచికలోఁ జూపఁ బ్రార్థించుచున్నాను. పాఠము చెప్పు పండితు లంతవఱకు నా వాక్యమును జదువునప్పుడు ‘మనలను’, ‘మాకు’ అను రెండు పదములక్రింద గీఁత గీయించి, యచ్చట మూలమునఁ బద మొక్కటే యని చెప్పినఁ జాలును.